మామ తాగని బీడీలు

మా మామకూ నాకూ పడదని దబీర్‌పురాలో మా గల్లీ అంతా అనుకునేది. అబద్ధం. ఆ ఇంట్లో మా ఇద్దరికీ కుదిరినంతగా ఇంకెవరికీ కుదరలేదు. ఆయన కొడుకు, అంటే నా భర్త, మాటకింతని పన్ను కట్టాలన్నట్టు బతికిన మనిషి. అత్తమ్మ మాట్లాడేది గానీ వాదించేది కాదు, నేరుగా తీర్పు చెప్పేది. ఇక మిగిలింది మామా, నేనూ. సాయంత్రం ఆయన రేకుల ఫ్యాక్టరీ నుంచి, నేను తెలుగు పాఠాలు చెప్పే సంతోష్‌నగర్ బడి నుంచి వచ్చి, చాయ్ కప్పులతో అరుగు మీద కూర్చోగానే మొదలయ్యేది.

చంద్రుడి మీద మనిషి దిగాడని నేను. ఏదో గోడౌన్‌లో ఇసుక పోసి ఫోటో దిగి వచ్చారని ఆయన. ఈ ఒక్క గొడవే పదేళ్లు నడిచింది. పప్పులో చింతపండు ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా అన్నదాని మీద పంతం పట్టి ఒకసారి రెండు పూటలు అన్నం మానేశాం. మేమంటే ఆయనే, నేను శుభ్రంగా తిన్నాను. స్టేషను పక్కనే కాబట్టి రైలు కూత వేసినప్పుడు మాత్రం ఇద్దరం ఆగేవాళ్లం. రైలు పోయాక, ఆగిన మాట దగ్గరి నుంచే అందుకునేవాళ్లం.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం నుంచి నేను గెలవడం మొదలైంది. రోజూ నేనే. ఆయన మంచి ఊపులో మొదలుపెట్టి, సగం వాక్యం దగ్గర వదిలేసి, కప్పులోకి చూస్తూ కూర్చునేవాడు. మూడు నాలుగు నెలలు నేను చాలా సంతోషించాను. చదివిన బీ.ఏ. ఇన్నాళ్లకు పనిచేస్తోందనుకున్నాను. పక్కింటావిడకు కూడా చెప్పుకున్నాను, మామ నోరు మూయించానని.

తర్వాత ఒక రోజు దేని గురించో వాదన పడింది. ఆ రోజు ఆయన చెప్పిందే నిజం. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకొక్క మాటంటే నేను చిత్తు. ఆ ఒక్క మాట దగ్గర ఆయన ఆగిపోయి, గోడకు ఒక చెయ్యి ఆనించి, రెండో అరచెయ్యి నాకేసి చూపించాడు, ఆగు అన్నట్టు. నేను అలవాటు కొద్దీ ఆగాను. రైలేమీ రాలేదు.

ఆయన పని గురించి చెప్పాలి. ఊరికి ఆ చివర్న, రెండు బస్సులు మారితే వచ్చే ఫ్యాక్టరీ అది. సిమెంటులో ఆస్బెస్టాస్ కలిపి ఇంటి కప్పులకు వేసే రేకులు చేసేవాళ్లు. ఆస్బెస్టాస్ అంటే రాయే, కానీ నారలా విడిపోయే రాయి. ఓడల్లో ఎక్కడెక్కడి నుంచో సంచుల్లో వచ్చేది. మా మామ ఇరవై ఏళ్లుగా సంచులు విప్పే సెక్షన్‌లో ఉన్నాడు. సంచిని కత్తితో కోసి, లోపలి సరుకును యంత్రం నోట్లో పోసి, ఖాళీ సంచిని నాలుగుసార్లు దులపాలి. తెల్లగా, మెత్తగా, దూదిలా ఎగురుతుంది కాబట్టి అక్కడందరూ దాన్ని రూయి అనేవాళ్లు. ఉర్దూలో పత్తి అన్నమాట. పేరెంత ముద్దుగా ఉందో చూడండి. రాతిపొడి అని పిలిస్తే కనీసం ముక్కు మూసుకునేవాళ్లేమో.

సాయంత్రానికి ఆయన కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు, తాత రోజూ పొద్దున్నే పడుచువాడిగా వెళ్లి సాయంత్రం ముసలివాడై వస్తాడని నిజంగా నమ్మింది. అత్తమ్మ ఆయన చొక్కాను నీళ్లలో వేసేముందు గుమ్మంలో నిలబడి ఫట్ ఫట్‌మని దులిపేది. ఖాళీ సంచులు మంచి గట్టివి, పారేసేవాళ్లు కాబట్టి తెచ్చుకునేవాళ్లం. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అదే. పడమటి కిటికీకి ఎండ తగలకుండా కట్టిందీ అదే. పిల్లల పరీక్ష పేపర్లు తెచ్చుకోవడానికి నేను కూడా ఒక సంచి కుట్టుకున్నాను. పేపర్ల మీద తెల్లటి నూగు కనిపిస్తే నోటితో ఉఫ్‌మని ఊదేసి మార్కులు వేసేదాన్ని. బీ.ఏ. చదివినదాన్ని.

జాగ్రత్తలు లేవని కాదు. ఒకటుండేది. షిఫ్టు అయిపోగానే మనిషికో బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. బెల్లం తింటే గొంతులో, రొమ్ములో ఉన్న దుమ్మంతా దానికి అంటుకుని కిందికి దిగి, మర్నాడు పొద్దున బయటికి పోతుందని ఫ్యాక్టరీలో పెద్దల నుంచి కూలీల దాకా అందరికీ నమ్మకం. గొంతులో రెండు గొట్టాలుంటాయని, తిండిది వేరే, గాలిది వేరే అని నేను పలక మీద బొమ్మ గీసి చూపించాను. మామ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"పంతులమ్మా, నేనొకటడుగుత. కంపెనోడు చేతులకు తొడుగులడిగితె పాతయే కుట్టుకోమంటడు. ఐదు నిమిషాలు లేటైతె గేటుకాడ్నే నిలబెడ్తడు. గసుంటోడు ఊకెనె బెల్లం పెడ్తడా? పని చేస్తది గాబట్టే పెడ్తుండు."

 దీనికి జవాబు, దుమ్ము లాగే ఫ్యాను కంటే బెల్లం చవక అన్న మాట, రెండేళ్ల తర్వాత అర్ధరాత్రి తోచింది, అప్పటికి ఎవరికీ పనికిరాకుండా. పైగా ఆ బెల్లాన్ని కూడా ఆయన మొత్తం తినేవాడు కాదు. సగం కొరికి మిగతాది కాగితంలో చుట్టి, అదే చొక్కా జేబులో పెట్టుకొచ్చి మా అమ్మాయికి ఇచ్చేవాడు.

అరచెయ్యి చూపించిన ఆ సాయంత్రం నేను పట్టుబట్టాను. ఫ్యాక్టరీ డాక్టరుకు చూపించుకుని, ఆ దుమ్ము సెక్షన్ నుంచి మార్పించుకోమన్నాను. డాక్టరు కార్డు మీద రాసి ఇస్తే సెక్షన్ మారుస్తారు, అదొక్కటే దారి. ఆయన వెళ్లి వచ్చాడు. అన్నీ వివరంగా అడిగాడని, ఇంత ఓపికగల డాక్టర్ను చూడలేదని మెచ్చుకుంటూ కార్డు నా చేతిలో పెట్టాడు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనూ, మాట్లాడని ఆయన కొడుకూ. కార్డు నేనే చదివాను.

పాత స్మోకర్ అని ఉంది. నాలుగేళ్లుగా, రోజుకు పది నుంచి పన్నెండు. పొగతాగేవాళ్ల దగ్గు. వెంటనే మానేయమని సలహా ఇచ్చాం. సెక్షన్ మార్చాల్సిన అవసరం లేదు.

మా మామ బీడీ ముట్టని మనిషి. ఆయన పాడే భజన మండలిలో బీడీ వాసన వస్తే తాళాలు కూడా చేతికివ్వరు. నేను చదివింది తెలుగులో చెప్పేసరికి ఆయన మొహం చూడాలి, ఎవరో నడివీధిలో ధోవతి లాగేసినట్టుంది. వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. ఊపిరి గురించి ఒక్క మాట అడగలేదు.

"ఇన్నేండ్ల సంది నా కండ్లల్ల దుమ్ము కొట్టిండు," అని తీర్పు చెప్పింది.

మాటవరసకు అన్నా అది అక్షరాలా నిజమేనని నాకప్పుడు తట్టలేదు. ఆవిడ సోదా మొదలుపెట్టింది. చొక్కా జేబులు, ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, అటక. చివరికి దేవుడి గూట్లో అగ్గిపెట్టె దొరికింది. దీపం వెలిగించడానికి ఆవిడే పెట్టిన అగ్గిపెట్టె. అయినా సాక్ష్యం సాక్ష్యమే అంది. మూడు రోజులు ఆయనకు చాయ్ దూరం నుంచి తోసి ఇచ్చింది. తప్పు చేయలేదని చెప్పుకోవడానికి కూడా ఆయనకు ఊపిరి చాలడం లేదు. సగం వాక్యం చెప్పి ఆగితే, చూశావా తడబడుతున్నాడు అనేది.

నాలుగో రోజు తలనొప్పి అని బడికి చీటీ పంపి, రెండు బస్సులు మారి ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు దగ్గర బయటి ఆడవాళ్లకు ప్రవేశం లేదన్నారు. మామ టిఫిన్ డబ్బా మర్చిపోయాడని ఒక ఖాళీ డబ్బా ఊపి చూపించి లోపలికి నడిచాను.

డాక్టరు ముప్పై దాటని కుర్రవాడు. గోదావరి జిల్లాల వైపు మనిషి, వచ్చి ఆరు నెలలైందట. మర్యాదగా కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు, కూర్చుంటే నాకు గొంతు సరిగా లేవదు. బీడీ ముట్టని మనిషికి బీడీ ఎందుకు అంటగట్టారని అడిగాను.

"ఏవండీ, నేను అంటగట్టడమేంటండీ. మీ మావగారే స్వయంగా చెప్పారు," అన్నాడు. "దమ్ము గుంజుతాను అని."

"గుంజుతాను అన్నాడా, గుంజుతది అన్నాడా?"

ఆయన ఆలోచించాడు. పదేళ్లుగా పిల్లలకు పురుషలూ వచనాలూ చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. వ్యాకరణం నాకు నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

మామను సెక్షన్ నుంచి పిలిపించమన్నాను. ఆయన తెల్లటి కనుబొమ్మలతో వచ్చాడు. తోడుగా బార్కస్ నుంచి వచ్చే భాయ్ ఒకాయన కూడా వచ్చాడు, ఆయనదీ అదే సెక్షన్. మొన్న అడిగినవే మళ్లీ అడగమని డాక్టరుకు చెప్పి, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఏం ఇబ్బంది అని అడిగాడు డాక్టరు.

"దమ్ము గుంజుతది సారూ."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేండ్ల సంది."

"రోజుకు ఎన్నిసార్లు?"

"పది పన్నెండు సార్లు. పొద్దుగాల లేవంగనె జర ఎక్కువ. మల్ల మెట్లెక్కితె."

"మానాలని లేదా మీకు?"

"మానాలనే గద సారూ నీకాడికొచ్చిన."

డాక్టరు నావైపు చూశాడు. ఇంకా అర్థం కాలేదు. మా వైపు దమ్ము అంటే ఊపిరి అని చెప్పాను. ఆయాసాన్నీ దమ్మే అంటాం. లోపల ఊపిరి లాగుతున్నట్టుంటే దమ్ము గుంజుతది అంటాం. మానడమంటే ఆయన అడిగింది జబ్బు నయం కావడం, పొగ మానడం కాదు. "బిర్యానీకి పెట్టేది కూడా దమ్మే. రోజుకెన్ని ప్లేట్లో అది కూడా రాసుకోండి," అన్నాను.

"బీడీకు హాత్ బీ నై లగాతే సాబ్ ఇనో," అన్నాడు బార్కస్ భాయ్ వెనక నుంచి, ఈయన బీడీని చేత్తో కూడా ముట్టడని. ఇంకా ఉండలేక, తాను మాత్రం తాగుతానని, కానీ తన కార్డు మీద ఆ మాటే లేదని కూడా చెప్పాడు.

డాక్టరుకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మామ మాత్రం నవ్వలేదు, నవ్వితే దగ్గొస్తుందని. ఆ దగ్గు మొదలయ్యాకే డాక్టరు నవ్వాపి, ఆయన చొక్కా విప్పించి వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత చేతివేళ్లు చూపించమన్నాడు. గోళ్లు గుండ్రంగా ఉబ్బి, వేలికొసలు లావెక్కి ఉన్నాయి. వాదించేటప్పుడు ఆ వేలు నా ముఖం ముందు వెయ్యిసార్లు ఆడించాడు, నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీయించాం, కళ్లె పరీక్ష చేయించాం. టీబీ కాదని తేలింది. ఆ రోజుల్లో దగ్గినవాడికల్లా టీబీ అనేవాళ్లు కాబట్టి అత్తమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేను ఎక్స్‌రే తీసుకుని ఫ్యాక్టరీకి వెళితే డాక్టరు తన గదిలో మాట్లాడలేదు. గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గరికి రమ్మన్నాడు. ఫిల్మును ఆకాశానికి పట్టి చూశాడు.

"ఇది ఆ రూయి చేసిందేనండీ. దీన్ని ఆస్బెస్టాసిస్ అంటారు," అన్నాడు. "ఆ నార కంటికి కనిపించనంత సన్నటి సూదులుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బయటికి రాదు. పుండు మానాక గట్టి మచ్చ మిగులుతుంది చూడండి, లోపలంతా అలా మచ్చ కట్టేస్తుంది. ఊపిరితిత్తి సాగదు. పదిహేను ఇరవై ఏళ్లకు గానీ బయటపడదు."

మందేమిటని అడిగాను.

"లేదండీ."

నేను వాదించాను. మందు లేని జబ్బేమిటని, మీరు చదవలేదేమోనని, వేరే పెద్ద డాక్టరుంటే పేరు చెప్పమని. ఆయన పాపం అన్నీ విన్నాడు. దగ్గుకు మందుంది, చీము పడితే మందుంది, కట్టిన మచ్చకు లేదన్నాడు. ఆ దుమ్ములోంచి బయటపడితే ముదరడం నెమ్మదిస్తుందేమో, అదే మందు. ఇదే దుమ్ము కొందరికి చాలా ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లోనో, వాటి చుట్టూ ఉండే పొరలోనో క్యాన్సర్ తెస్తుందని చెప్పాడు. దీనికి బీడీ కూడా తోడైతే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందట. నాకు బార్కస్ భాయ్ గుర్తొచ్చాడు. తర్వాత డాక్టరు, బట్టలు ఎవరు ఉతుకుతారని అడిగాడు. మా అత్తమ్మ అన్నాను. ముందు దులుపుతుందా అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఆయనకు అర్థమైనట్టుంది, కప్పు కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రమే పట్టాలూ, కిటికీ గుడ్డా, నా పరీక్ష పేపర్ల సంచీ అన్నీ తడిపి, మూటగట్టి ఇంట్లోంచి పంపించాను. చొక్కాను ఇక దులపకూడదని, గుమ్మంలోనే విప్పి నేరుగా నీళ్ల బకెట్లో ముంచాలని చెప్పాను. ఎందుకో అత్తమ్మకు మొత్తం చెప్పలేకపోయాను. వాదనకు పనికొచ్చే విషయం కాదది.

కార్డు మీద డాక్టరు స్మోకర్ అన్న మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. ఆయాసం, దుమ్ము తగలని లైట్ డ్యూటీ ఇవ్వాలి అని రాశాడు. జబ్బు పేరు రాయమన్నాను. రాయనన్నాడు. పేరు రాస్తే తానక్కడ ఉండడట. తన తర్వాత వచ్చేవాడు మళ్లీ బీడీయే రాస్తాడట. పిరికివాడివన్నాను. అవునండీ అన్నాడు. ఒప్పేసుకునే మనిషితో నాకెప్పుడూ ఎలా పోట్లాడాలో తెలియదు.

లైట్ డ్యూటీ వచ్చింది. నేను గెలిచానని మళ్లీ పక్కింటావిడకు చెప్పుకున్నాను. పదిహేను రోజులైందో లేదో, ఒక సాయంత్రం మామ కనుబొమ్మలే కాదు, చెవుల్లోని వెంట్రుకలు కూడా తెల్లగా వచ్చాడు. లైట్ డ్యూటీ అంటే ఏం చేస్తున్నావని అడిగాను. ఆయనకు ఆ పని నచ్చింది. ముఖం కళకళలాడుతోంది.

"మోసుడు లేదు, కోసుడు లేదు బిడ్డా. నీడపట్టునే పని. షిఫ్టుకు రెండుసార్లు ఊడుసుడు, గంతే."

"ఏం ఊడుస్తున్నవ్ మామా?"

"కింద వడ్డ రూయి."

దుమ్ములో ఉండొద్దని నేను తెచ్చిన కాగితం చూసి, ఆయన చేతికి చీపురిచ్చారు. సంచి విప్పినప్పుడు లేచేది ఒక ఎత్తు, నేల మీద పడ్డదంతా చీపురుతో మళ్లీ గాల్లోకి లేపడం ఇంకో ఎత్తు.   అప్పుడు బియ్యం ఏరుకుంటున్న అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"నీళ్లు సల్లుతుండ్రా?"

"నీళ్లెందుకే? ఊడ్సిన మాలు మల్ల మిషిన్ల పోస్తరు. తడిస్తె ముద్దయితదంటరు."

"ఇంటిముంగట మట్టినే నీళ్లు సల్లకుంట ఊడ్వం. గంత పెద్ద ఫ్యాక్టరీ వెట్టుకున్నరు, ఊడ్సుడు రాదా?"

గొంతులో గొట్టాల బొమ్మలు గీసిన నాకు తట్టలేదు, ఇంగ్లండు దాకా వెళ్లి చదువుకొచ్చాడని చెప్పుకునే మేనేజరుకు తట్టలేదు. బెల్లాన్ని నమ్మిన, అగ్గిపెట్టెలో బీడీలు చూసిన మా అత్తమ్మకు తట్టింది. ఆవిడ ఒక పాత నూనె డబ్బా తీసి, మేకుతో అడుగున పది బొక్కలు కొట్టి, ఇదిగో నీ లైట్ డ్యూటీ అని ఆయన చేతికిచ్చింది.

తర్వాత జరిగింది నాకు బార్కస్ భాయ్ మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. మర్నాడు మామ సెక్షన్‌లో నీళ్లు చల్లి ఊడ్చాడట. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, సరుకు పాడు చేస్తున్నావని అరిచాడట. మామ చీపురు ఆనించి నిలబడి జవాబు మొదలుపెట్టాడు. ఇక్కడే తమాషా. ఆయనకు ఒక్కో ఊపిరికి రెండు మాటలు మాత్రమే వచ్చేవి. రెండు మాటలని ఆగి, గాలి తెచ్చుకుని, మళ్లీ రెండు మాటలనేవాడు. మిగతా కూలీలు ఆ వాక్యం ఎటు తేలుతుందోనని సంచులు వదిలేసి చుట్టూ చేరారట. మధ్యలో సూపర్‌వైజరు ఏదో అనబోతే, ఆగన్నా, ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు అన్నారట. మిషిన్ నోరు ఖాళీగా తిరుగుతోంది.

"నేను నీళ్లు... సల్లే ఊడుస్త. గాదంటె... చీపురు వట్టుకొని... నువ్వు ఊడువు."

భాయ్ లెక్క ప్రకారం ఇంత మాట అనడానికి చాయ్ తాగినంత సేపు పట్టింది. ఆపైన మర్నాడూ ఇదే, మూడోనాడూ ఇదే. రోజుకోసారి సెక్షన్ మొత్తం పని ఆపి మామ వాక్యం కోసం కాచుకునేది. నాలుగోనాడు మెమో వచ్చింది. పై అధికారి మాట వినలేదని, సరుకు తడిపాడని, తోటివాళ్ల పని ఆపించాడని మూడు నేరాలు.

మెమోకు జవాబు నేనే రాశాను, రెండు పేజీలు, ఇంగ్లీషులో. బతుకులో నేను అంత సుఖంగా ఏదీ రాయలేదు. డాక్టరు కార్డు నకలు జతచేసి, దుమ్ము తగలకూడదని మీ డాక్టరే రాసిన మనిషికి చీపురు ఇవ్వమని ఎవరు చెప్పారో ఆ ఉత్తరువు నకలు మాకు ఇప్పించండి అని అడిగాను. అలాంటి ఉత్తరువు ఎక్కడా ఉండదని నాకు తెలుసు. ఇలాంటి పనులు ఎవరూ రాసి చేయించరు.

వారానికి ఇంకో కాగితం వచ్చింది. క్రమశిక్షణ తప్పినందుకు శిక్షగా ఈ కార్మికుణ్ని సెక్షన్ నుంచి తొలగించి గేటు డ్యూటీకి బదిలీ చేయడమైనది. చదివి నేను ఎంతసేపు నవ్వానంటే, కొత్త కోడలిలా ఆ నవ్వేమిటని అత్తమ్మ కసిరింది. జబ్బు ఉందని అడిగితే ఇవ్వనిది, లొల్లి పెట్టుకున్నందుకు శిక్షగా ఇచ్చారు. గేటు ఫ్యాక్టరీకి గాలి వచ్చే వైపు ఉంది, దుమ్ము అటు రాదు. పక్కన వేపచెట్టు, స్టూలు, కుండలో నీళ్లు. మామ ఆ శిక్షను రిటైరయ్యేదాకా అనుభవించాడు.

పోయిన ఊపిరి తిరిగి రాలేదు. డాక్టరు ముందే చెప్పాడు, రాదని. మెట్లు రెండు విడతల్లో ఎక్కడం, తర్వాత నాలుగు విడతల్లో ఎక్కడం, తర్వాత కిందే పడుకోవడం. కానీ నెమ్మదిగా. అదే సెక్షన్‌లో ఉండిపోయిన బార్కస్ భాయ్ ఆయన కన్నా చిన్నవాడు. ఆయనకు నేను బీడీ మాన్పించాను, సెక్షన్ మాన్పించలేకపోయాను. మామ కన్నా రెండేళ్లు ముందు పోయాడు.

మామ వదిలిన చీపురు పట్టడానికి కంట్రాక్టు మీద ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నారు. పొద్దున్నే వాళ్లు గేటులోకి రాగానే మామ ఆపేవాడట. నీళ్ల డబ్బా ఉందా, కొంగు తడిపి ముక్కుకు కట్టుకున్నరా అని రెండేసి మాటల్లో అడిగి, కానిదే లోపలికి పోనిచ్చేవాడు కాదు. తడిగుడ్డ ఆ సూదుల్ని పెద్దగా ఆపదని డాక్టరు చెప్పాడని నేనంటే, కొంచెమైనా ఆపుతుంది కదా అనేవాడు. ఆ వాదన నేను పూర్తిచేయలేదు, ఆయన ఊపిరి దానికి ఖర్చవుతుందని.

ఆయన పోయాక పదకొండో రోజున ఆ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. పెద్దామె ఏడ్చింది. చిన్నామె ఇరవై అయిదేళ్లది, ఏడవలేదు. అరుగు మీద కూర్చుని, ఇంట్లో వాళ్లు వినకుండా నన్ను మెల్లగా అడిగింది.

"అక్కా, గేటు డ్యూటీ ఎట్లొస్తది?"

"కార్డు మీద రాయించుకుంటే రాదు. సూపర్‌వైజరుతోని రోజూ లొల్లి పెట్టుకోవాలె. అందరు ఇనెటట్టు."

"లొల్లికేం, నాకు మస్తొస్తది," అంది.

మెమో వస్తే చింపెయ్యకుండా తిన్నగా నా దగ్గరికి తెమ్మన్నాను. ఇరవై రోజులు తిరగకుండానే తెచ్చింది. నేరాలు నాలుగు.